నాన్నకు పక్షవాతం వచ్చాక: కనిపించని నష్టాన్ని అర్థం చేసుకుని ఇంట్లో చూసుకోవడం ఎలా

పక్షవాతం వచ్చిన ఇంట్లో అందరూ పడిపోయిన చెయ్యి గురించి, ఈడ్చే కాలు గురించే మాట్లాడతారు. తీరా ఆసుపత్రి నుంచి వచ్చాక ఇంటిల్లిపాదినీ అలసిపోయేలా చేసేవి వేరే ఉంటాయి. కంచంలో ఎడమపక్క అన్నం అలాగే వదిలేస్తారు. అడిగినదానికి ఒకటి బదులు ఇంకొకటి చెబుతారు. ఉన్నట్టుండి ఏడుస్తారు. మంచినీళ్లకే పొలమారుతుంది. పొద్దున పదింటికే మళ్లీ పడుకుంటారు. వీటికి మనం పెట్టే పేర్లు మొండితనం, చాదస్తం, బద్ధకం. చాలావరకు అసలు కారణం మెదడులో ఏ భాగం దెబ్బతిన్నదన్నదే.

ఊళ్లో ఉన్న అమ్మనో నాన్ననో బెంగళూరు ఫ్లాట్‌కు తెచ్చుకుని చూసుకుంటున్నవాళ్ల కోసం రాసింది ఇది. ‘నాన్న’ అన్నచోట అమ్మ, అత్తయ్య, తాతయ్య ఎవరినైనా అనుకోండి.

మొదటి గంటలో చేయాల్సినవి

ఒకసారి స్ట్రోక్ (పక్షవాతం) వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే ప్రమాదం ఎక్కువ. కాబట్టి ఈ భాగం ఇంట్లో అందరికీ తెలియాలి. అనుమానం రాగానే మూడు పనులు చేయించండి. నవ్వమనండి: మూతి ఒకపక్కకు పోతోందా? కళ్లు మూసుకుని రెండు చేతులూ ముందుకు చాపి పది సెకన్లు ఉంచమనండి: ఒకటి కిందికి జారుతోందా? ఒక చిన్న వాక్యం చెప్పమనండి: మాట ముద్దగా వస్తోందా, తప్పు మాటలు వస్తున్నాయా? ఉన్నట్టుండి తూలిపోవడం, చూపు పోవడం కూడా గుర్తులే. ఇందులో ఒక్కటి కనిపించినా చాలు, 108కి ఫోన్ చేయండి. లైన్‌లో ఉన్నవాళ్లకు కన్నడలో చెప్పాల్సి వస్తే ‘స్ట్రోక్ ఆగిదె’ అంటే సరిపోతుంది.

వెంటనే ఒక కాగితం మీద టైము రాయండి. మీరు చూసిన టైము కాదు, ఆయన ఆఖరిసారి మామూలుగా ఉన్న టైము. రాత్రి పదింటికి బాగా పడుకుని తెల్లారి అయిదింటికి మూతి వంకరతో లేస్తే, ఆ టైము రాత్రి పది. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణ గడువు 4.5 గంటలు, అదీ ఎంత ముందు ఇస్తే అంత మేలు. పెద్ద రక్తనాళం మూసుకుపోతే తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి గడ్డను బయటకు లాగుతారు. దానికి 6 గంటలు, స్కానింగ్ చూసి ఎంచుకున్న కొందరికి 24 గంటల వరకూ గడువు ఉంటుంది. అందుకే ‘ఆలస్యమైపోయింది, ఇంక పొద్దున చూద్దాం’ అని ఇంట్లోనే తేల్చుకోకండి.

చేయకూడనివి కూడా ఉన్నాయి. నీళ్లు, కాఫీ తాగించకండి. ఆస్పిరిన్ వేయకండి: గడ్డ వల్ల వచ్చిందో, రక్తనాళం చిట్లి వచ్చిందో తలకు సీటీ స్కాన్ తీసేదాకా ఎవరూ చెప్పలేరు, చిట్లి ఉంటే ఆస్పిరిన్ ఇంకా రక్తం కార్పిస్తుంది. బీపీ ఎక్కువుందని నాలుక కింద మాత్ర పెట్టకండి, బీపీ ధడాలున పడితే మెదడుకు ఆ కాస్త రక్తం కూడా అందదు. వేళ్లకు సూదులు గుచ్చి రక్తం పిండమనే వాట్సాప్ సలహా వల్ల పోయేది టైమే. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే షుగర్ మాత్రం చూడండి. షుగర్ బాగా పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే కనిపిస్తుంది. 70 కంటే తక్కువుంటే ఆ అంకె అంబులెన్స్ వాళ్లకు చెప్పండి.

ఏ ఆసుపత్రికి వెళ్లాలన్నది ముందే తేల్చుకోవాల్సిన విషయం. సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర ఆగి గూగుల్‌లో వెతకడం కుదరదు. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్‌లో (మెదడు, నరాల జబ్బుల ప్రభుత్వ ఆసుపత్రి) ఎమర్జెన్సీ ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది. మీ ఇంటికి అది దూరమైతే దగ్గర్లోని పెద్ద ఆసుపత్రులకు ఈ రోజే ఫోన్ చేసి మూడు ప్రశ్నలడగండి: రాత్రిపూట కూడా సీటీ తీస్తారా, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారా, గడ్డను బయటకు తీసే డాక్టరు ఉన్నారా? మూడింటికీ అవునన్న ఆసుపత్రి పేరు ఫ్రిజ్ మీద అతికించండి. నాన్న హిందూపురంలోనో మదనపల్లెలోనో ఉండగా వస్తే, నేరుగా బెంగళూరుకు కారెక్కించడం కంటే సీటీ, ఇంజెక్షన్ ఉన్న దగ్గరి ఆసుపత్రికే ముందు వెళ్లాలి. అక్కడ మొదలుపెట్టాక ఇక్కడికి మార్చవచ్చు.

పది నిమిషాల్లో మూతి సర్దుకుని, చెయ్యి మామూలైపోయినా ఆ రోజే వెళ్లండి. పెద్ద స్ట్రోక్‌కు అది ముందస్తు గుర్తు. తర్వాతి రెండు రోజుల్లో ప్రమాదం అన్నిటికంటే ఎక్కువ.

డిశ్చార్జ్ చీటీ చదవడం

బిల్లు కట్టే హడావిడిలో చీటీ సంచిలోకి పోతుంది. ఇంటికి బయల్దేరే ముందు వార్డులోనే డాక్టర్ని అడిగి ఈ విషయాలు రాసుకోండి: గడ్డ వల్లా, రక్తస్రావం వల్లా? మెదడులో ఏ వైపు, ఏ భాగం? గుండె లయ తప్పిందా? మెడలోని రక్తనాళం సన్నబడిందా? బీపీ ఎంత ఉండాలి? మింగడం పరీక్ష చేశారా, ఏం తినొచ్చన్నారు?

ఏ వైపు అన్నది ఎందుకు ముఖ్యమంటే, మెదడు ఎడమభాగం దెబ్బతింటే పడిపోయేది కుడిపక్క చెయ్యి, కాలు. చాలామందిలో మాటకు సంబంధించిన భాగాలూ ఎడమవైపే ఉంటాయి గనుక మాట కూడా పోవచ్చు. మెదడు కుడిభాగం దెబ్బతింటే ఎడమపక్క పడిపోతుంది. మాట చాలామందిలో బాగానే ఉంటుంది, అందుకే ‘పర్వాలేదు, బాగానే ఉన్నాడు’ అనుకుంటారు. కానీ ఎడమపక్క ప్రపంచాన్నే పట్టించుకోకపోవడం, తనకేమీ కాలేదనడం, తొందరపడి లేచి పడిపోవడం ఇక్కడే ఎక్కువ. మెదడు వెనుక భాగం, మెదడు కాండం (మెదడును వెన్నుపాముతో కలిపే భాగం) దెబ్బతింటే తూలడం, ఒకటి రెండుగా కనిపించడం, మింగలేకపోవడం ముందుకొస్తాయి.

మింగడం: అన్నిటికంటే ముందు చూడాల్సింది

స్ట్రోక్ తర్వాత ఇంటికొచ్చినవాళ్లను మళ్లీ ఆసుపత్రి పాలు చేసేవాటిలో ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ ముఖ్యమైనది. అన్నమో నీళ్లో శ్వాసనాళంలోకి పోవడం దానికి పెద్ద కారణం. పొలమారితేనే ప్రమాదమనుకోకండి. గొంతు మొద్దుబారినవాళ్లకు దగ్గు కూడా రాదు, చప్పుడు లేకుండా లోపలికి పోతుంది. తిన్నాక గొంతు తడిగా గరగరలాడటం, కళ్లలో నీళ్లు, ఊపిరి వేగం, సాయంత్రాలు జ్వరం ఉంటే అనుమానించండి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే ఆగకండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

తినిపించే పద్ధతి ఇది. మంచం మీద దిండ్లకు ఆనించి కాదు, కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టండి. టీవీ ఆపేయండి. మీరు నిలబడి పెడితే ఆయన తల పైకెత్తాలి, అప్పుడు శ్వాసనాళం తెరుచుకుంటుంది. అందుకని ఎదురుగా కూర్చుని పెట్టండి. టీ స్పూన్‌తో సగం సగం, బాగున్న దవడవైపు పెట్టండి. మింగినట్టు గొంతు కదిలాక, నోట్లో ఏమీ లేదని చూశాకే రెండో స్పూను. మధ్యమధ్యలో ‘ఆ’ అనమనండి, గొంతు తడిగా వినిపిస్తే ఆపండి. పడిపోయిన దవడలో అన్నం ముద్దలా మిగిలిపోతుంది, ఆయనకు తెలియదు. తిన్నాక మెత్తని బ్రష్‌తోనో తడిగుడ్డ చుట్టిన వేలితోనో తీసేయండి. తర్వాత అరగంట పడుకోనివ్వకూడదు. గడ్డం ఛాతీవైపు వంచి మింగడం కొందరికి మేలు చేస్తుంది, అందరికీ కాదు. అది స్పీచ్ థెరపిస్ట్ చూసి చెప్పాలి.

మన వంటల్లో ఏది సులువు, ఏది కష్టం? చాలామంది తేలిగ్గా ఉంటుందని చారన్నం పెడతారు. ఇది బాగా కష్టమైనవాటిలో ఒకటి: పలచటి చారు ముందే గొంతులోకి జారిపోతుంది, మెతుకులు నోట్లోనే ఉంటాయి. ఇడ్లీ సాంబారుతో కూడా అదే తంటా. మరమరాలు, పొడిపొడి ఉప్మా, వేరుశెనగపప్పులు మానేయండి. మెత్తగా పిసికిన పెరుగన్నం, నెయ్యి వేసి మెదిపిన పప్పన్నం, జల్లెడ పట్టిన చిక్కటి రాగి జావ సులువు. నీళ్లు పలచన కాబట్టి వాటితోనే ప్రమాదం ఎక్కువ. డాక్టర్ చెబితే మందుల షాపులో దొరికే చిక్కదనం పొడి డబ్బా మీద రాసిన కొలతతో కలిపి, కొన్ని నిమిషాలు ఉంచి ఇవ్వండి. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పిండితో చేసిన పొడైనా, జావైనా ఉమ్మి తగిలితే పలచబడిపోతుంది. నోట్లో పెట్టిన స్పూను మళ్లీ గిన్నెలో ముంచుతూ ఉంటే చివరికొచ్చేసరికి గిన్నెలోది నీళ్లయిపోతుంది. అందుకే కొంచెం కొంచెం వేరే గిన్నెలోకి తీసుకుని పెట్టండి.

ముక్కు గొట్టం ఉంటే తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి. ప్రతిసారీ ముక్కు దగ్గరి గుర్తు కదిలిందేమో చూడండి. బయటికి జారి ఉంటే ఏమీ పోయకండి, మీరే లోపలికి తోయకండి. సాధారణంగా ఒక్కోసారి 200 నుంచి 250 మి.లీ. వరకూ నెమ్మదిగా పోసి, ముందూ వెనకా దాదాపు 30 మి.లీ. నీళ్లతో గొట్టం కడగమంటారు. మీకు డాక్టర్ వేరే లెక్క ఇస్తే అదే పాటించండి. మాత్రలు పొడి చేసే ముందు అడగాలి. పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఈసీ అని ఉన్నవి నలిపి ఇవ్వకూడదు. ఎస్ఆర్, ఎక్స్ఆర్ నలిపితే రోజంతా మెల్లగా కరగాల్సిన మందు ఒకేసారి ఒంట్లోకి పోతుంది. ఈసీ నలిపితే మాత్ర కడుపులో కరగకుండా ఆపే పూత పోతుంది.

భుజం, మంచం, లేవడం

పడిపోయిన చెయ్యి పట్టుకుని లేపడం, చంకల కింద చేతులు వేసి ఎత్తడం వెంటనే మానాలి. భుజం కీలు ఎముకలకంటే కండరాల పట్టుతోనే నిలబడుతుంది. ఆ కండరాలకు బలం పోయాక చెయ్యి బరువుకే కీలు కిందికి జారుతుంది. ఇక లాగితే నొప్పి పట్టుకుంటుంది, ఆ నొప్పికి భయపడి వ్యాయామమే మానేస్తారు. కూర్చున్నప్పుడు ఆ చేతి కింద దిండు, పడుకున్నప్పుడు భుజం కింద మడిచిన తువ్వాలు పెట్టండి. చొక్కా పడిపోయిన చేతికి ముందు తొడగాలి, విప్పేటప్పుడు బాగున్న చేతి నుంచి తీయాలి.

కదల్లేనివాళ్లను రెండు గంటలకొకసారి పక్క మార్చండి, రాత్రి కూడా. మడమలు, పిరుదుల పైభాగం, తుంటి రోజూ చూడండి. నొక్కితే తెల్లబడని ఎరుపు ఉంటే పుండు మొదలైనట్టే. ఎయిర్ బెడ్ సాయం చేస్తుంది గానీ పక్క మార్చే పనిని తప్పించదు.

మంచం మీది నుంచి చక్రాల కుర్చీలోకి మార్చేటప్పుడు కుర్చీ బాగున్న వైపు ఏటవాలుగా పెట్టండి. బ్రేకులు వేయండి, కాలి పెడళ్లు పైకి మడవండి. పక్కకు తిప్పి, కాళ్లు కిందికి దించి కూర్చోబెట్టాక ఒక నిమిషం ఆగండి, కళ్లు తిరుగుతాయేమో చూడండి. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. ఆయన నడుముకు వెడల్పాటి బెల్టు కట్టి దాన్ని పట్టుకోండి, మీ మోకాళ్లతో ఆయన బలహీనమైన మోకాలికి అడ్డం పెట్టండి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేంతగా ముందుకు వంగమనండి. అలా వంగితేనే పిరుదులు వాటంతటవే లేస్తాయి. చాలామంది వెనక్కి వాలిన మనిషిని పైకి లాగబోయి తమ నడుము పట్టేసేలా చేసుకుంటారు. కర్ర బాగున్న చేతిలోనే ఉండాలి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు పడిపోయిన కాలు ముందు.

స్పర్శ తగ్గిన వైపు వేడి తెలియదు. గీజర్ నీళ్లు మీ మోచేత్తో చూశాకే పోయండి, హాట్ బ్యాగ్ పెట్టకండి. తైలం మర్దనా హాయిగా ఉంటే చేయించండి, కానీ మండే కాపడాలు వద్దు. పావురం రక్తం పూయడం వల్ల చెయ్యి లేవదు. ఆకు పసరు వైద్యానికి వెళ్లాలని పెద్దలు పట్టుబడితే వాదించి అలసిపోకండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి: ఇంగ్లీషు మందులు ఒక్క పూట కూడా ఆపడానికి వీల్లేదు.

కోలుకోవడం మొదటి మూడు నెలల్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా సాగుతుంది. ఆరు నెలల తర్వాత కూడా ఆగిపోదు. సాధారణంగా కాలు ముందు వస్తుంది, వేళ్లు ఆఖరున. బంతి పిసకడం ఇంటింటా ఇచ్చే సలహా, కానీ పిడికిలి ఇప్పటికే బిగుసుకుపోతుంటే వాళ్లకు కావాల్సింది వేళ్లు తెరవడం. ఫిజియోను అడిగాకే చేయించండి.

మాట పోయినప్పుడు

మాట పోవడంలో రెండు రకాలున్నాయి. నాలుక, పెదవుల బలం తగ్గి మాట ముద్దగా రావడం ఒకటి. మాటలే దొరక్కపోవడం, ఎదుటివాళ్ల మాట అర్థం కాకపోవడం రెండోది. రెండో దాంట్లో తెలివి పోయిందనుకుని చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడతారు, లేదా ఆయన ముందే ఆస్తి సంగతులు చర్చిస్తారు. ఆయనకు మీరు అనుకునేదానికంటే చాలా ఎక్కువే తెలుస్తూ ఉండొచ్చు.

‘అవును’ అనబోయి ‘కాదు’ అనడం మామూలే. అందుకే నోటి మాట ఒక్కటే నమ్మకుండా బొటనవేలు పైకా కిందికా అని కూడా చూడండి. ‘టిఫిన్ ఏం కావాలి, దోసెనా, ఇడ్లీనా, ఇంకేమైనానా, ఇప్పుడేనా కాసేపటికా?’ అని గుక్క తిప్పుకోకుండా అడిగితే అన్నీ కలగాపులగమవుతాయి. దోసె చూపించి ‘దోసె?’ అని ఆగండి. పది సెకన్లు ఎదురుచూడండి. ఆ పది సెకన్లు చాలా పొడవుగా అనిపిస్తాయి, మధ్యలో మీరే మాట అందిస్తే ఆయన ప్రయత్నం అక్కడితో ఆగిపోతుంది.

‘నీళ్లు’ అనలేని మనిషి అంకెలు, వారాల పేర్లు, రోజూ చదువుకునే స్తోత్రం గడగడా చెప్పగలరు. జన్మలో తిట్టని మనిషి నోట బూతుమాట కూడా స్పష్టంగా రావచ్చు. అలవాటుగా వచ్చే మాటల దారి వేరు, వెతికి పట్టుకోవాల్సిన మాటల దారి వేరు. దీన్ని వాడుకోండి: ‘సోమవారం, మంగళవారం...’ అని మొదలుపెట్టి ఆయన్ను కొనసాగించమనండి.

బెంగళూరులో ఇంకో చిక్కుంది. థెరపిస్ట్ కన్నడం, హిందీ, ఇంగ్లీషు మాట్లాడతారు, నాన్నకు వచ్చింది తెలుగు. మనిషి రోజంతా ఇంట్లో ఏ భాషలో బతుకుతాడో అందులోనే మొదలుపెట్టడం మంచిది. నిమ్హాన్స్‌లో స్పీచ్ విభాగం ఉంది, తెలుగు తెలిసినవాళ్లు ఉన్నారేమో ముందే అడగండి. లేకపోతే థెరపిస్ట్ ఇచ్చే బొమ్మల కార్డుల మీద తెలుగు పేర్లు రాసి, రోజుకు రెండుసార్లు పదిహేనేసి నిమిషాలు మీరే చేయించండి. కార్డుల్లో ఆపిల్, పియానో కంటే ఆయన లుంగీ, కళ్లజోడు, మాత్రల డబ్బా, మనవరాలి ఫొటో ఉండాలి.

ఎడమపక్క లేనట్టు ఉండటం

మెదడు కుడిభాగం దెబ్బతిన్నవాళ్లు కంచంలో కుడిపక్క తిని ‘అయిపోయింది, ఇంకా పెట్టు’ అంటారు. ఎడమ చెంప గడ్డం గీసుకోరు. ఎడమనుంచి వచ్చే మోటార్‌సైకిల్ చూడరు. కళ్లు బాగానే ఉన్నాయి, మెదడు ఆ పక్కను లెక్కలోకి తీసుకోవడం లేదు. ‘సరిగ్గా చూడు’ అని అరిచి లాభం లేదు. కంచం ఎడమ అంచుకు ఎర్ర టేపు అతికించి ‘ఎర్ర గీత కనిపించేదాకా తల తిప్పు’ అని నేర్పండి. మాట్లాడేటప్పుడు ఎడమవైపు కూర్చోండి. కాలింగ్ బెల్, నీళ్ల గ్లాసు మాత్రం కుడివైపే ఉంచండి: అవసరానికి అందాల్సిన వస్తువుతో శిక్షణ ఇవ్వకూడదు.

ఏడుపు, కోపం, నిద్ర

చావింట్లో నవ్వడం, టీవీలో ప్రకటన చూసి వెక్కివెక్కి ఏడ్వడం స్ట్రోక్ తర్వాత ఉండేవే. లోపలి బాధకూ బయటి ఏడుపుకూ పొంతన ఉండదు. ఓదార్చడం మొదలుపెడితే ఇంకా పెరుగుతుంది. మాట మార్చండి, నెమ్మదిగా ఊపిరి తీయించండి. మందులున్నాయి. డిప్రెషన్ వేరు, అది స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు మూడోవంతు మందిలో వస్తుంది. రెండు వారాలుగా తిండి, నిద్ర, వ్యాయామం మీద ఆసక్తి లేకపోతే, ‘నేను భారం’ అంటుంటే డాక్టర్‌కు చెప్పండి.

అలసట నిజమైనదే. ముఖ్యమైన వ్యాయామాన్ని పొద్దున, విశ్రాంతి తర్వాత, ముక్కలు ముక్కలుగా పెట్టండి. ఆదివారం ఊరినుంచి వచ్చే బంధువుల బృందాన్ని రెండు విడతలుగా రమ్మనడానికి మొహమాటపడకండి.

మళ్లీ రాకుండా

ఇంట్లో బీపీ అయిదు నిమిషాలు కూర్చున్నాక, బాగున్న చేతికే చూడండి. పడిపోయిన చేతిలో అంకె తప్పుగా రావచ్చు. ఎక్కువమందికి లక్ష్యం 130/80 కంటే తక్కువ, మీకు చెప్పిన అంకె అదో కాదో చీటీలో చూడండి. గడ్డ వల్ల వచ్చినవాళ్లకు ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్, దాంతోపాటు స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) ఇస్తారు. చిన్న స్ట్రోక్ తర్వాత రక్తం పలచబడే మందులు రెండు కలిపి సాధారణంగా 21 రోజులిచ్చి, తర్వాత ఒకటి ఆపుతారు. ఆ తేదీని క్యాలెండర్‌లో గుర్తుపెట్టండి, పాత చీటీతో రెండూ కొనుక్కుంటూ పోవడం తరచూ జరిగే పొరపాటు. రక్తస్రావం అయినవాళ్లకు పక్కింటాయన చీటీ పనికిరాదు. గుండె లయ తప్పి అసిట్రోమో వార్ఫరినో వాడుతుంటే ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చూసే పరీక్ష) ఎక్కువమందికి 2 నుంచి 3 మధ్య ఉండాలి. తోటకూర, పాలకూర మానక్కర్లేదు, వారం వారం ఒకే మోతాదులో తినాలి. ఉప్పు రోజుకు అన్నీ కలిపి ఒక టీ స్పూన్ లోపే ఉండాలంటే ఊరగాయ, అప్పడం దగ్గరే లెక్క తప్పుతుంది.

ఆరు నెలల తర్వాత కూడా లోపం మిగిలితే వికలాంగుల యూడీఐడీ కార్డుకు దరఖాస్తు చేయండి. మాట పోవడం కూడా అందులో లెక్కకొస్తుంది.

అటెండర్‌కు ఇచ్చే కాగితం

పగలు మీరు ఆఫీసుకు పోతే ఏజెన్సీ నుంచి వచ్చే మనిషి నెలకొకరు మారతారు, భాష కూడా మారుతుంది. బీరువా తలుపుకు పెద్ద అక్షరాలతో ఒక కాగితం, వీలైతే బొమ్మలతో, వాళ్లు చదవగలిగే భాషలో అతికించండి: ఏ పక్క పడిపోయింది, ఆ చెయ్యి లాగకూడదు, నీళ్లు ఎంత చిక్కగా, తినేటప్పుడు కుర్చీలో, తిన్నాక అరగంట కూర్చునే, పక్క మార్చే టైములు, పక్కనే టిక్కు పెట్టే గడులు, రెండు గంటలకొకసారి బాత్‌రూమ్ అడగడం, అవును, కాదు సైగలు, మాత్రలు మీరు సర్దిన డబ్బా నుంచే, మూతి వంకరపోతే 108, ఆ తర్వాత మీ నంబరు. వచ్చిన మొదటి రోజు పొద్దున ఒక పూట దగ్గరుండి, మీరు చెప్పడం కాకుండా వాళ్లచేత చేయించి చూడండి.